కడుపుతో ఉన్నప్పుడు టీకా వేయించుకోవాలా? వారాల లెక్కతో తేల్చుకోండి

2021 జూన్ నెల. నాకు ఆరో నెల నడుస్తోంది. కోవిడ్ రెండో వేవ్‌లో మా వీధిలోనే మూడిళ్లవాళ్లు మంచం పట్టారు. మా ఆయన ఆఫీసువాళ్లు ఒక ఆసుపత్రిలో కుటుంబాలకు టీకాలు వేయిస్తున్నారంటే నేనూ వెళ్లాను. గంటసేపు లైన్లో నిలబడ్డాక నర్సు నా పొట్ట వంక చూసి, "కడుపుతో ఉన్నవాళ్లకి ఇంకా పర్మిషన్ రాలేదమ్మా, ఇంటికెళ్లిపోండి" అంది.

నెల తిరిగేలోపే, జులై 2న, గర్భిణులకూ కోవిడ్ టీకా వేయొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పేసింది. ఇంట్లో చర్చ మొదలైంది. "బిడ్డ బయటపడ్డాక వేయించుకుందువులే" అన్నారు అత్తయ్యగారు. "నాకైతే భయంగా ఉందమ్మా, నీ ఇష్టం" అంది మా అమ్మ ఫోన్లో. "డాక్టరుగారు ఏమంటే అదే" అన్నాడు మా ఆయన. ముగ్గురూ నా మేలు కోరేవాళ్లే. ఆ రాత్రంతా నిద్ర పట్టక ఆలోచిస్తే ఒక సంగతి తెలిసొచ్చింది. "టీకా వేయించుకోవాలా వద్దా" అని మొత్తంగా అడుగుతూ కూర్చుంటే ఎన్నాళ్లకీ తేలదు. ఏ టీకా, ఏ జబ్బుకి, ఎన్నో వారంలో అని విడివిడిగా అడిగితే ఒక పూటలో తేలిపోతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మన ఇళ్లలో టీకా వద్దని గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. "చూద్దాంలే" అనేవాళ్లే ఎక్కువ. ఆ చూద్దాంలే అనుకునేలోపు వేయించుకోవాల్సిన వారాలు దాటిపోతాయి. అప్పుడు నిర్ణయం మీరు తీసుకున్నట్టు కాదు, క్యాలెండర్ తీసుకున్నట్టు. అలా కాకుండా మీరే తీసుకోవడానికి ఏం చేయాలో నాకు తెలిసినంతవరకు వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. రెండు కాన్పులు, మా చెల్లి కాన్పు ఒకటి దగ్గరుండి చూసినదాన్ని. మీ ఒంటి సంగతి తెలిసిన డాక్టరుతో మాట్లాడటానికి సిద్ధం కావడం కోసమే ఇదంతా.

ముందు నెలలని వారాల్లోకి మార్చండి

మనం "ఏడో నెల పడింది" అంటాం. డాక్టరు "ఇరవై ఏడు వారాలు" అంటారు. టీకాల లెక్కంతా వారాల్లోనే ఉంటుంది. ఆఖరి నెలసరి మొదలైన రోజు ఒకటో రోజు. అక్కణ్నుంచి ఏడేసి రోజులు కలుపుకుంటూ వెళ్లాలి. మొదటి స్కానింగ్‌లో డాక్టరు తేదీ సవరించి ఉంటే, ఆ సవరించిన తేదీనే పట్టుకోండి.

మా చెల్లికి నేను చేసిన పని ఇది. వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండర్ తీసి, తనకి వారం నిండే రోజు గురువారం కాబట్టి, ప్రతి గురువారం గడిలో ఎర్ర పెన్నుతో అంకె వేశాను. 12, 13, 14, అలా 40 దాకా. 27 దగ్గర ఒక గీత, 36 దగ్గర ఒక గీత. ఆ రెండు గీతల మధ్యే ఒక ముఖ్యమైన టీకా ఉంది, కింద చెప్తాను. 27 వారాలంటే ఏడో నెల మొదలు, 36 వారాలంటే తొమ్మిదో నెల మొదట్లో. మన ఆచారం ప్రకారం చూస్తే సీమంతాలూ, పుట్టింటికి ప్రయాణాలూ అన్నీ సరిగ్గా ఈ రెండు గీతల మధ్యే పడతాయి. చీరలూ గాజులూ స్వీట్ల హడావుడిలో సూది సంగతి మర్చిపోయేది అందుకే.

తర్వాత కాగితాలన్నీ ఒకచోట పెట్టండి

ఏఎన్ఎం ఇచ్చిన తల్లీబిడ్డల రక్షణ కార్డు, అదే ఎంసీపీ కార్డు, పైన పెట్టండి. ఇది రెండో కాన్పయితే మొదటి కాన్పు కార్డు కూడా కావాలి. ఎందుకో కింద టీడీ టీకా దగ్గర చెప్తాను. రక్తపరీక్షల్లో రెండు చూసుకోండి. ఒకటి బ్లడ్ గ్రూపు, రెండోది హెపటైటిస్ బి పరీక్ష. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని మీ అమ్మని అడగండి. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలందరికీ తట్టు, రుబెల్లా టీకా వేశారు. అప్పుడు బడిలో ఉన్నవాళ్లు ఇప్పుడు తల్లులవుతున్నారు. మీరు వాళ్లలో ఒకరైతే ఆ సంగతి కూడా ఒక కాగితం మీద రాసి పెట్టండి.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. కడుపుతో ఉన్నప్పుడు వేసే ప్రతి సూదీ టీకా కాదు. నెగెటివ్ బ్లడ్ గ్రూపువాళ్లకు 28 వారాల ప్రాంతంలో వేసే యాంటీ-డి టీకా కాదు. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేసే స్టెరాయిడ్ ఇంజెక్షను కూడా కాదు. రక్తం తక్కువైతే సెలైన్‌లో ఎక్కించే ఐరనూ కాదు. "నాకు ఇప్పటికే అయిదు సూదులు పడ్డాయి, ఇంకెందుకు" అనుకునేముందు ఆ అయిదూ ఏమిటో కార్డులో చూడండి.

ఇప్పుడు ఒక్కో టీకా సంగతి

అసలు విషయం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మొదటిది టీడీ. మన అమ్మలు టీటీ సూది అనేవాళ్లు. ధనుర్వాతానికి వేసేవాళ్లు. ఇప్పుడు దానికి కంఠసర్పి టీకా కూడా కలిపి టీడీ అని వేస్తున్నారు. నెల తప్పిందని తెలిసి పేరు నమోదు చేయించుకోగానే మొదటి డోసు, నాలుగు వారాల తర్వాత రెండో డోసు. కిందటి కాన్పులో రెండు డోసులూ పడి, మూడేళ్లలోపే మళ్లీ కడుపొస్తే ఒక్క బూస్టర్ చాలు. పాత కార్డు తీయమన్నది అందుకే. అది పోతే మళ్లీ మొదటి నుంచీ రెండు వేస్తారు, దానివల్ల నష్టమేమీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఉపకేంద్రంలో ఉచితం. ఆలస్యమైపోయిందని మానేయకండి. 36 వారాలు దాటాక వచ్చినా వేస్తారు, అంతకుముందు పడకపోతే నొప్పులతో వచ్చినా వేస్తారు.

ఈ టీకా విషయంలో ఆలోచించుకోవాల్సింది ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం. మీ ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. పుట్టినప్పుడు బాగానే పాలు తాగిన బిడ్డ వారం తిరిగేసరికి దవడలు బిగుసుకుపోయి, రొమ్ము పట్టలేక, విల్లులా వంగి పోయిన సంగతులు వాళ్లకు గుర్తుంటాయి. తుప్పు పట్టిన బ్లేడుతో బొడ్డు కోయడం, కోసినచోట పేడో బూడిదో అద్దడం వల్ల వచ్చేది ఆ ధనుర్వాతం. శుభ్రమైన కాన్పులు, తల్లికి వేసే ఈ సూది, రెండూ కలిసి దాన్ని తరిమేశాయి. 2003లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2015లో దేశం మొత్తం, పురిటిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు నిర్ధారణ అయింది. ఇప్పుడు కనిపించడం లేదు కాబట్టి అక్కర్లేదు అనుకోవడం పొరపాటు. దాని క్రిమి మట్టిలోనే ఉంటుంది, ఎటూ పోలేదు.

రెండోది, నేను చేజార్చుకున్నది: కోరింత దగ్గుకు వేసే టీడాప్. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి ఒక్కటే సూది. నేను అప్పుడు చూపించుకున్న ప్రైవేటు ఆసుపత్రిలో దీని గురించి ఎవరూ చెప్పలేదు, నాకూ అడగాలని తెలియదు. ఎక్కడో చదివి అడిగేసరికి 38 వారాలు. "ఇప్పుడు వేసినా బిడ్డకి పెద్దగా అందదు" అన్నారు. నాలుగు రోజులకే పాప పుట్టింది. ముప్పయ్యో రోజున దగ్గు మొదలైంది. బారసాలకి వచ్చిన చుట్టాల్లో ఒకాయనకి దగ్గుందని తర్వాత తెలిసింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఆ చిన్న ఛాతీ ఎగసిపడటం చూస్తూ కూర్చున్నాం. అది మామూలు జలుబని తేలింది, దేవుడి దయ. కానీ ఆ రెండు రాత్రుల్లో పిల్లల డాక్టరు చెప్పిన సంగతులు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

పసిబిడ్డకి కోరింత దగ్గు వస్తే పెద్దపిల్లల్లా కూతపెట్టి దగ్గకపోవచ్చు. ఊపిరి ఆగిపోతుంది, నీలంగా మారిపోతుంది. బిడ్డకి సొంతంగా దానికి టీకా పడేది నెలన్నర సూదిలో, అంటే అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ మొదటి డోసులో. తర్వాతి డోసులు పదో వారంలో, పద్నాలుగో వారంలో. అవి పని మొదలుపెట్టేదాకా బిడ్డకి ఉండే రక్షణంతా అమ్మ ఒంట్లోంచి మాయ ద్వారా వెళ్లిన, జబ్బుతో పోరాడే యాంటీబాడీలే. అవి ఎక్కువగా వెళ్లేది ఆఖరి మూడు నెలల్లో. టీకా పడ్డాక మీ ఒళ్లు వాటిని తయారు చేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుకే 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకోమంటారు. చిన్నప్పుడు మీకు పడిన టీకా సరిపోదు, ఆ బలం కాలంతోపాటు తగ్గిపోతుంది. కిందటి కాన్పులో వేయించుకున్నా ఈ కాన్పుకి మళ్లీ వేయించుకోవాల్సిందే.

మన దగ్గర గైనకాలజిస్టుల సమాఖ్య ఫాగ్సీ దీన్ని సిఫారసు చేస్తోంది. కానీ ప్రభుత్వ ఉచిత టీకాల్లో ఇది లేదు. ప్రైవేటులో వెయ్యి రూపాయలకు పైనే అవుతుంది. బూస్ట్రిక్స్, అడాసెల్ అనే పేర్లతో దొరుకుతుంది. డబ్బు ఇబ్బందిగా ఉంటే డాక్టరుకి ఆ మాట మొహమాటం లేకుండా చెప్పండి. టీడీ రెండో డోసు బదులుగా టీడాప్ వేయొచ్చు, రెండూ విడివిడిగా అక్కర్లేదు. ఆ ఖర్చుకి వీలు కాకపోతే టీడీ మాత్రం మానకండి.

మూడోది ఫ్లూ. పొట్ట పెరిగేకొద్దీ గర్భసంచి పైకి నొక్కడంతో ఊపిరితిత్తులకు జాగా తగ్గుతుంది, గుండెకి పని పెరుగుతుంది. అందుకే మామూలువాళ్లకి నాలుగు రోజుల్లో తగ్గే ఫ్లూ గర్భిణుల్లో న్యుమోనియాదాకా వెళ్లే అవకాశం ఎక్కువ. చేతికి వేసే ఫ్లూ టీకాలో ఉండేది చచ్చిన క్రిమి, కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ నెలలోనైనా వేయించుకోవచ్చంటుంది. మన డాక్టర్లు చాలామంది ఆరో నెల దాటాక వేస్తారు. వానాకాలంలో నెలలు నిండేవాళ్లు, ఆస్తమా, షుగరు ఉన్నవాళ్లు, ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నవాళ్లు దీని గురించి ముందే అడగాలి. ఫ్లూ క్రిమి వేషం మారుస్తుంది కాబట్టి టీకా కూడా మారుతుంది. ఈ ఏటి టీకాయేనా అని అడిగి వేయించుకోండి. ముక్కులో కొట్టే స్ప్రే రకం మాత్రం వద్దు, అందులో ఉండేది బతికున్న క్రిమి.

కోవిడ్ టీకా ఇప్పుడు అప్పటంత అత్యవసరం కాదు. మీకు షుగరు, గుండె జబ్బు లాంటివి ఉంటే డాక్టరుని అడిగి తేల్చుకోండి. కానీ 2021 నుంచి నేర్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మొదట గర్భిణులకు వద్దన్నది, హాని జరిగిందని కాదు. ప్రయోగాల్లో గర్భిణులను తీసుకోలేదు కాబట్టి సమాచారం లేదని. "హాని ఉందని తెలుసు" వేరు, "ఇంకా తెలియదు" వేరు. ఈలోపు జబ్బు గర్భిణులనే ఎక్కువగా ఐసీయూకి పంపుతోందని తెలిసింది, ఇతర దేశాల్లో టీకా వేయించుకున్న గర్భిణుల వివరాలు వచ్చాయి. త్రాసు మారింది. ఎవరైనా మీకు ఏదైనా టీకా వద్దంటే, ఈ రెండిట్లో ఏ కారణంతో వద్దంటున్నారో అడగండి.

కడుపుతో ఉన్నప్పుడు వేయించుకోకూడనివి

బతికున్న క్రిమిని బలహీనపరిచి చేసే టీకాలు వద్దు. తట్టు-రుబెల్లా, ఆ రెండింటికీ గవదబిళ్లల టీకా కలిపిన ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, క్షయకి వేసే బీసీజీ ఈ జాతివే. పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు వీటిని ముందే వేయించుకుని కనీసం ఒక నెల ఆగాలి. రుబెల్లా మాత్రం మొదటి మూడు నెలల్లో తల్లికి సోకితే బిడ్డ కళ్లకి, చెవులకి, గుండెకి ముప్పు చాలా ఎక్కువ. కాబట్టి ఆ టీకా పడలేదని ఇప్పుడు తెలిస్తే, కాన్పయ్యాక వేయించుకోవాలని కార్డు మీదే రాయించుకోండి. పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చు.

ఇది చదువుతున్నవాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నాను. నెల తప్పిందని తెలియక ఎంఎంఆర్ వేయించేసుకుంటే భయంతో గర్భం తీయించుకోకండి. ఆ కారణంతో గర్భం తీయించాలని ఏ వైద్య మార్గదర్శకమూ చెప్పదు. డాక్టరుకి తేదీతో సహా చెప్పండి, స్కానింగులు సక్రమంగా చేయించుకోండి, అంతే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి వేసే హెచ్‌పీవీ టీకా మధ్యలో ఉండగా కడుపొస్తే మిగతా డోసులు కాన్పు తర్వాతకి వాయిదా వేస్తారు. ఆటలమ్మ మీకెప్పుడూ రాకుండా ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా పోస్తే, టీకా గురించి ఆలోచించకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. హెపటైటిస్ బి పరీక్ష పాజిటివ్ వస్తే అది మీ టీకాతో తీరేది కాదు. బిడ్డ పుట్టగానే వేయాల్సిన టీకా, ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారైన యాంటీబాడీలు) ఇంజెక్షను సిద్ధంగా ఉండే ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోవాలి.

కుక్క కరిస్తే ఆలోచించే టైం లేదు

పైనవన్నీ కూర్చుని ఆలోచించుకునేవి. ఇది కాదు. కుక్క, పిల్లి, కోతి కరిచినా, గీరి రక్తం వచ్చినా, ఎన్నో నెలయినా సరే, కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు ఏవీ పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. రెండూ గర్భిణులకు వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో డోసులు పడతాయి, ఒక్కటీ మానకూడదు. "కడుపులో బిడ్డకేమైనా అవుతుందేమో, కుక్క బాగానే ఉంది కదా" అని ఆగమని ఎవరు చెప్పినా వినొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక తల్లిని కాపాడే మందు లేదు.

డాక్టరు గదిలో అడగాల్సినవి

ఆసుపత్రిలో మన వంతు వచ్చేసరికి అయిదు నిమిషాలే దొరుకుతుంది, అనుకున్నవన్నీ మర్చిపోతాం. అందుకే ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి. నేను 2021 జులైలో రాసుకెళ్లిన ప్రశ్నలు దాదాపు ఇవే:

"ఈ టీకా నా కోసమా, బిడ్డ కోసమా, ఇద్దరి కోసమా? ఇందులో ఉండేది బతికున్న క్రిమా, చచ్చిందా? ఇప్పుడే ఎందుకు, నాలుగు వారాలాగితే ఏం పోతుంది? నాకు థైరాయిడ్ ఉంది, కిందటిసారి ఒక మందు పడక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, దానివల్ల ఏమైనా తేడా ఉందా?"

ఆఖరి ప్రశ్న ముఖ్యం. మిగతావాటికి జవాబులు అందరికీ ఒకేలా ఉంటాయి, అది మాత్రం మీ ఒంటికి సంబంధించింది. గతంలో ఏ టీకాకైనా ఊపిరాడకపోవడం, ముఖం వాచిపోవడం జరిగి ఉంటే అడక్కుండానే చెప్పండి. ప్రస్తుతం గట్టి జ్వరం ఉంటే తగ్గాక వేస్తారు. మామూలు జలుబుకి ఆపక్కర్లేదు.

ప్రైవేటు డాక్టరు లేనివాళ్లకి ఒక వీలుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తారు, డాక్టరు చూస్తారు. మీ కాగితం పట్టుకుని ఆ రోజు వెళ్లండి. ఊళ్లో టీకాలు వేసే రోజు చాలాచోట్ల బుధవారమో శనివారమో ఉంటుంది, ఆశా కార్యకర్తని అడిగితే చెప్తుంది.

విని, ఆలోచించుకుని చెప్తానని రావడం మీ హక్కు. కానీ "మళ్లీ చెప్తాను" అని వచ్చేటప్పుడు ఏ తేదీకి చెప్తారో క్యాలెండర్‌లో రాసుకోండి. తేదీ లేకపోతే అది "చూద్దాంలే" కిందకే వస్తుంది.

ఇంట్లోవాళ్ల భయం గురించి

పెద్దవాళ్ల భయం ఊరికే పుట్టదు. "ఫలానా వాళ్లమ్మాయికి సూది వేసిన వారానికే గర్భం పోయింది" అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. ఆ బాధ నిజం. కానీ తెలిసిన గర్భాల్లో నూటికి పది పదిహేను టీకా ఏదీ పడకపోయినా నిలవవు, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. అంతమందిలో కొందరికి ఆ ముందు వారమే సూది పడి ఉంటుంది. ముందు జరిగింది కాబట్టి దానివల్లే జరిగిందనుకోవడం మనసు చేసే పని. అది తేల్చాలంటే, వేయించుకున్నవాళ్లలో, వేయించుకోనివాళ్లలో ఎంతమందికి అలా జరిగిందో రెండువైపులా లెక్క చూడాలి. టీడీ, టీడాప్, ఫ్లూ టీకాలకు అలా చూస్తే గర్భస్రావాలు పెరిగినట్టు తేలలేదు.

దీన్ని వాదనలా చెప్తే ఇంట్లో ఎవరూ వినరు. మా అత్తయ్యగారిని నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడే అడిగారు: "మా రోజుల్లో ఇన్ని సూదులు లేవు కదండీ?" డాక్టరుగారు, "మీ రోజుల్లో పురిట్లో పోయిన పిల్లలు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగారు. అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా పెద్దాడి తర్వాత ఒక ఆడపిల్ల" అన్నారు. పెళ్లయిన ఆరేళ్లలో ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి. వచ్చే దారిలో ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "వేయించుకో" అన్నారు.

సూది వేయించుకునే రోజు

ఖాళీ కడుపుతో వెళ్లకండి. ప్రభుత్వ కేంద్రంలో అయితే మందు సీసా ఒకసారి చూపించమని అడగండి, తప్పేమీ కాదు. సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, దాని మధ్యలో నలుచదరం ఉంటాయి. లోపలి నలుచదరం చుట్టూ ఉన్న గుండ్రం కంటే లేత రంగులో ఉంటే మందు బాగుంది. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, లోపలిది ముదిరినా, వేడికి చెడిందని అర్థం, అది వేయకూడదు. నర్సమ్మలకు ఇది బాగా తెలుసు. అడిగితే చాలామంది సంతోషంగా చూపిస్తారు.

వేశాక అరగంట అక్కడే కూర్చోండి. చెయ్యి నొప్పి, కాస్త వాపు, ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం మామూలే. జ్వరం వస్తే ఊరుకోవద్దు, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోండి. ఐబుప్రోఫెన్ ఉన్న కాంబిఫ్లామ్ లాంటి మాత్రలు మాత్రం వేసుకోకండి. రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, ఎప్పుడైనా సరే రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, సూది వల్లేనేమో అని ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి ఆడకపోతే 108.

విదేశాల్లో ఉన్నవాళ్లకి, అక్కడికి వెళ్లే అమ్మమ్మలకి

అమెరికాలో కూడా టీడాప్ మామూలుగా 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. బ్రిటన్‌లో కోరింత దగ్గు టీకా 16 వారాల నుంచే మొదలుపెడతారు. పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీకి అక్కడ గర్భిణులకు టీకా ఉంది. అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్య, మామూలుగా సెప్టెంబరు నుంచి జనవరిలోపు వేస్తారు. బ్రిటన్‌లో 28 వారాల నుంచి. అక్కడివాళ్లు వేసుకున్నారు, ఇక్కడ డాక్టరు అడగనే లేదు అని ఇక్కడివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ఏ దేశంలో కాన్పవుతుందో అక్కడి పద్ధతి ప్రకారం వెళ్లండి.

కూతురికి పురుడు పోయడానికి డల్లాస్‌కో న్యూజెర్సీకో విమానం ఎక్కే అమ్మలు చాలామంది ఉన్నారు. ఆవకాయ జాడీలు, కాయం డబ్బా, బాలింత పొడులు సర్దుకునేముందు, బిడ్డని ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందే టీడాప్, ఫ్లూ టీకాలు వేయించుకోండి. అక్కడి డాక్టర్లు ఎలాగూ అడుగుతారు. ఇక్కడ ఉండే అమ్మమ్మలకీ, తాతయ్యలకీ, బిడ్డ తండ్రికీ కూడా ఇది మంచిదే. బిడ్డకి దగ్గు అంటించేది ఎక్కువగా ఇంట్లోవాళ్లే. నెలన్నర సూది పడేదాకా బారసాల చిన్నగా చేసుకోండి. దగ్గున్నవాళ్లని దూరం నుంచే చూడమనండి. మర్యాదగా ఎలా చెప్పాలో తెలియకపోతే "డాక్టరు వద్దన్నారు" అనండి, మా ఇంట్లో అదే పనిచేసింది.

పుట్టింటికి వెళ్లే బ్యాగులో

టీకా పడగానే కార్డులో తేదీ, టీకా పేరు రాయించుకోండి. ప్రైవేటులో వేయించుకుంటే సీసా స్టిక్కరో బిల్లో అతికించండి. ఫోన్‌తో ఫొటో తీసి అమ్మకీ, భర్తకీ పంపండి. టీకాల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూ-విన్‌లో మీ ఫోన్ నంబరుతో నమోదు చేయించుకుంటే ఏ ఊళ్లో అయినా వివరాలు చూడొచ్చు. సీమంతం మర్నాడు కారెక్కేటప్పుడు చీరల పెట్టె కంటే ముందు ఆ కార్డు బ్యాగులో ఉందో లేదో చూసుకోండి. మా చెల్లి కార్డు అత్తగారింట్లో బీరువాలో ఉండిపోతే, పుట్టింటి దగ్గర పీహెచ్‌సీలో మళ్లీ అన్నీ మొదటి నుంచీ చెప్పాల్సొచ్చింది.

అదే కార్డులో వెనక పేజీల్లో బిడ్డ టీకాల గడులు ఉంటాయి. వాటిలో పుట్టినప్పుడు వేసే హెపటైటిస్ బి డోసు 24 గంటల్లోపు పడాలి, దాంతోపాటు బీసీజీ, పోలియో చుక్కలు. కాన్పు గదిలో మీరు అలసిపోయి ఉంటారు కాబట్టి ఈ పని పక్కనుండే మనిషికి ముందే అప్పజెప్పండి. ఆ గడులు నిండాయో లేదో చూసుకున్నాకే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టమని చెప్పండి.